దీపాన్ని తీగ నుంచి విడిపించిన ఎడిసన్ బ్యాటరీ

విద్యుత్ దీపం అనగానే ప్రపంచానికి గుర్తుకు వచ్చే పేరు థామస్ ఆల్వా ఎడిసన్. 1879లో ఆయన వెలిగించిన దీపం గురించి పాఠశాల విద్యార్థులకు సైతం తెలుసు. అయితే ఆ దీపాన్ని ఇంటి గోడలోని తీగకు ముడివేసిన ఆ శాస్త్రవేత్తే, యాభై ఏళ్లు దాటిన వయసులో మొదలుపెట్టి పదేళ్లపాటు శ్రమించి తయారుచేసిన బ్యాటరీతో అదే దీపం తీగ బంధం నుంచి విడివడి మనిషి వెంట నడిచిందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. వాహనాల కోసం తలపెట్టిన ఆ బ్యాటరీ, చివరకు బొగ్గు గనుల చీకటిలో పనిచేసే కార్మికుల తలపై దీపమై వెలిగింది. ఎడిసన్ జీవితంలోని ఈ ఉత్తరార్ధం విజయాలతో పాటు పరాజయాలను, పట్టుదలతో పాటు పొరపాట్లను కూడా చూపిస్తుంది.

బాల్యం, బ్యాటరీతో తొలి పరిచయం

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, మిలన్ పట్టణంలో జన్మించారు. శామ్యూల్, నాన్సీ దంపతుల ఏడుగురు సంతానంలో ఆయన కడగొట్టు బిడ్డ. 1854లో ఆ కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్‌కు తరలివెళ్లింది. పాఠశాలలో గడిపిన కాలం బహు స్వల్పం. ఉపాధ్యాయ వృత్తిలో అనుభవం ఉన్న తల్లి ఇంటి వద్దనే చదువు చెప్పారు. చిన్ననాటి నుంచే ఆయనకు వినికిడి లోపం ఏర్పడి, వయసుతో పాటు అది పెరుగుతూ వచ్చింది.

పన్నెండేళ్ల ప్రాయంలో పోర్ట్ హ్యూరన్, డెట్రాయిట్ నగరాల మధ్య నడిచే రైలులో పత్రికలు, మిఠాయిలు అమ్మే పనిలో చేరారు. సామాను పెట్టెలో ఒక మూల చిన్న ముద్రణ యంత్రాన్ని అమర్చుకుని సొంతంగా ఒక పత్రికను వెలువరించారు. అక్కడే రసాయన ప్రయోగాలు సైతం సాగించారు. 1862లో మౌంట్ క్లెమెన్స్ స్టేషనులో పట్టాలపై ఆడుకుంటున్న స్టేషన్ మాస్టరు కుమారుణ్ని కదిలివస్తున్న పెట్టె కింద పడకుండా ఆయన కాపాడారు. కృతజ్ఞతగా ఆ తండ్రి ఎడిసన్‌కు టెలిగ్రాఫ్ విద్యను నేర్పారు. ఆయన జీవిత గమనాన్ని మార్చిన సంఘటన అది.

ఆ కాలంలో టెలిగ్రాఫ్ కార్యాలయమంటే బ్యాటరీల గది కూడా. విద్యుత్ కేంద్రాలు ఇంకా పుట్టని రోజులవి. గాజు పాత్రలలో ఆమ్లం, లోహపు పలకలు ఉంచి తయారుచేసిన ఘటాల వరుసల నుంచే తంతి తీగలకు విద్యుత్తు అందేది. లూయివిల్ నగరంలో రాత్రి విధుల్లో ఉండగా ఎడిసన్ చేసిన ప్రయోగంలో గంధకికామ్లం ఒలికి, నేల చెక్కల సందుల నుంచి కింది అంతస్తులోని అధికారి గదిలోకి కారిందని, దాంతో ఆయన కొలువు పోయిందని చెబుతారు. బ్యాటరీలోని ఆమ్లం పట్ల ఆయనకు కలిగిన విముఖత తరువాతి కాలంలో ఒక గొప్ప పరిశోధనకు దారి తీయడం విశేషం.

తీగకు కట్టుబడిన దీపం

1869లో విద్యుత్ ఓట్ల నమోదు యంత్రానికి ఎడిసన్ తొలి పేటెంటు పొందారు. దానిని కొనేవారు లేకపోవడంతో, ప్రజలకు అవసరం లేని వస్తువును ఇకపై తయారు చేయరాదని ఆయన నిశ్చయించుకున్నారు. 1871లో మేరీ స్టిల్‌వెల్‌ను వివాహమాడారు. 1876లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మెన్లో పార్కులో ప్రయోగశాలను స్థాపించారు. మరుసటి ఏడాది వెలువడిన ఫోనోగ్రాఫ్ ఆయనకు అంతర్జాతీయ ఖ్యాతిని తెచ్చిపెట్టింది.

1878లో ఆయన దృష్టి దీపంపైకి మళ్లింది. విద్యుత్తుతో వెలుగు పుట్టించడం అప్పటికే కొత్త విషయం కాదు. వీధుల్లో కళ్లు మిరుమిట్లు గొలిపే ఆర్క్ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ సైతం కర్బన తంతువుతో దీపాన్ని రూపొందించే పనిలో ఉన్నారు. ఎడిసన్ ప్రత్యేకత ఒక్క దీపాన్ని కాక, దీపం, తీగ, డైనమో, మీటరు కలిసిన మొత్తం వ్యవస్థను ఊహించడంలో ఉంది.

ఆ ఊహలో ప్రధానమైన అంశం రాగి ఖర్చు. అంతకు ముందటి దీపాలకు నిరోధం తక్కువ. వాటిని వెలిగించాలంటే అధిక విద్యుత్ ప్రవాహం కావాలి. అంతటి ప్రవాహాన్ని మోయాలంటే లావుపాటి రాగి కడ్డీలను వీధుల పొడవునా పరచాలి. అదే శక్తిని ఎక్కువ వోల్టేజీ వద్ద, తక్కువ ప్రవాహంతో పంపితే సన్నని తీగ సరిపోతుంది. అందుకే ఎడిసన్ సన్నని, పొడవైన, అధిక నిరోధం గల తంతువును ఎంచుకున్నారు. 1879 అక్టోబరులో మాడ్చిన నూలు దారాన్ని తంతువుగా అమర్చిన గాజు బుడ్డి పదమూడు గంటలకు పైగా వెలిగింది. తరువాత మాడ్చిన వెదురు పేళ్లతో దీపపు ఆయుష్షు వెయ్యి గంటలు దాటింది. 1880 జనవరి 27న దీపానికి పేటెంటు లభించింది.

1882 సెప్టెంబరు 4న న్యూయార్కులోని పెర్ల్ వీధి విద్యుత్ కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. తొలిరోజు సుమారు 400 దీపాలు వెలిగాయి. 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తు భూగర్భ తీగల ద్వారా ఇళ్లకు, కార్యాలయాలకు చేరింది. 1884 నాటికి ఆ కేంద్రంపై ఆధారపడిన దీపాల సంఖ్య 10 వేలు దాటింది.

ఇక్కడే ఒక చిక్కు దాగి ఉంది. రాగిని ఆదా చేసేందుకు ఎంచుకున్న అధిక నిరోధమే దీపాన్ని విద్యుత్ కేంద్రానికి బందీని చేసింది. ఒక సీసపు బ్యాటరీ ఘటం ఇచ్చేది సుమారు 2 వోల్టులు మాత్రమే. 110 వోల్టుల దీపం వెలగాలంటే అటువంటి ఘటాలను 55 వరకు వరుసగా కలపాలి. లాంతరును, బుడ్డి దీపాన్ని చేత పట్టుకుని పెరటిలోకో, పశువుల కొట్టంలోకో వెళ్లినట్లు విద్యుత్ దీపాన్ని తీసుకుని వెళ్లే వీలు లేకుండా పోయింది. కిరసనాయిలు దీపానికి ఉన్న స్వేచ్ఛ విద్యుత్ దీపానికి లేదు.

బ్యాటరీలను నమ్మని ఎడిసన్

విద్యుత్తును నిల్వ చేసే ఘటం అప్పటికే ఉంది. 1859లో ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే సీసపు పలకలను, గంధకికామ్లాన్ని ఉపయోగించి తిరిగి విద్యుదావేశం నింపదగిన తొలి బ్యాటరీని రూపొందించారు. 1880వ దశకంలో దానిని మెరుగుపరచి మార్కెట్లోకి తెచ్చిన సంస్థలు వాటాలను విరివిగా విక్రయించాయి. వాటి పట్ల ఎడిసన్ వైఖరి కఠినంగా ఉండేది. నిల్వ బ్యాటరీ అనేది మదుపరులను మోసగించే సాధనమని, ఆ రంగంలోకి దిగిన వ్యక్తిలో దాగి ఉన్న అబద్ధాలాడే గుణం బయటపడుతుందని 1883లో ఒక పత్రికా ప్రతినిధితో ఆయన అభిప్రాయపడ్డారు.

ఆ తరువాతి సంవత్సరాలు ఎడిసన్‌కు ఒడిదుడుకులతో గడిచాయి. 1884 ఆగస్టులో భార్య మేరీ మరణించారు. 1886లో మీనా మిల్లర్‌ను పునర్వివాహం చేసుకున్నారు. 1887లో వెస్ట్ ఆరెంజ్‌లో మరింత విశాలమైన ప్రయోగశాలను నెలకొల్పారు. ఇదే కాలంలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ ప్రోత్సహించిన ఏకాంతర విద్యుత్తుతో ఆయన ఏకముఖ విద్యుత్తుకు తీవ్రమైన పోటీ ఎదురైంది. ఏకాంతర విద్యుత్తు ప్రాణాంతకమని నిరూపించేందుకు ఎడిసన్ ప్రయోగశాలలో జంతువులపై విద్యుత్ ప్రయోగాలు జరగడం ఆయన కీర్తికి మచ్చగా మిగిలింది. సుదూర ప్రాంతాలకు విద్యుత్తును తక్కువ నష్టంతో పంపగల ఏకాంతర విధానమే చివరకు గెలిచింది. 1892లో ఎడిసన్ సంస్థ మరో సంస్థతో విలీనమై జనరల్ ఎలక్ట్రిక్ ఏర్పడింది. కొత్త సంస్థ పేరులో ఎడిసన్ పేరు లేదు.

ఆ తరువాత ఇనుప ఖనిజాన్ని అయస్కాంతాలతో వేరుచేసే పరిశ్రమలో ఆయన తన సంపదలో అధిక భాగాన్ని పోగొట్టుకున్నారు. యాభై ఏళ్లు దాటిన వయసులో, ఆర్థికంగా దెబ్బతిన్న స్థితిలో, 1899లో ఆయన తాను ఒకనాడు ఈసడించిన నిల్వ బ్యాటరీ వైపే మళ్లారు.

ఆమ్లం లేని ఘటం కోసం

అప్పట్లో ఆవిరి, పెట్రోలు, విద్యుత్ వాహనాలు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయి. విద్యుత్ వాహనానికి పొగ, శబ్దం లేవు. అయితే సీసపు బ్యాటరీ బరువు దానికి గుదిబండగా మారింది. ఆమ్లం పలకలను, చుట్టూ ఉన్న లోహాన్ని తినివేసేది. పూర్తిగా ఖాళీ చేసి వదిలేస్తే ఘటం పాడయ్యేది. సీసం, ఆమ్లం రెండూ లేని బ్యాటరీని తయారు చేయాలన్నది ఎడిసన్ సంకల్పం.

ఆమ్లానికి బదులు క్షారాన్ని ఎంచుకున్నారు. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఏయే లోహాలు చెదరకుండా నిలుస్తాయో తెలుసుకునేందుకు వేల సంఖ్యలో పరీక్షలు జరిగాయి. చివరకు ధన పలకకు నికెల్ సమ్మేళనం, రుణ పలకకు ఇనుము స్థిరపడ్డాయి. సరిగ్గా అదే కాలంలో స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ నికెల్, కాడ్మియంతోనూ, నికెల్, ఇనుముతోనూ క్షార బ్యాటరీలను రూపొందిస్తున్నారు. ఇరువురి మధ్య పేటెంటు వివాదాలు తలెత్తాయి. ధన బలం ఎడిసన్ పక్షాన ఉండగా, యుంగ్నర్‌కు దక్కవలసిన గుర్తింపు చాలా ఆలస్యంగా లభించింది.

1901లో ఎడిసన్ స్టోరేజ్ బ్యాటరీ కంపెనీ ఏర్పాటైంది. 1903 తరువాత తొలి బ్యాటరీలు భారీ ప్రచారం నడుమ మార్కెట్లోకి వచ్చాయి. కొద్ది నెలల్లోనే ఫిర్యాదులు మొదలయ్యాయి. డబ్బాల అతుకుల వద్ద ద్రావణం కారింది. వాడుతున్న కొద్దీ ఘటాల సామర్థ్యం పడిపోయింది. ఇతరులు మోసం చేస్తున్నారని విమర్శించిన ఎడిసన్ ముందు ఇప్పుడు అదే నింద నిలిచింది. అమ్మకాలు బాగానే ఉన్నప్పటికీ ఆయన ఉత్పత్తిని నిలిపివేసి, లోపమున్న బ్యాటరీలను వెనక్కు తీసుకున్నారు. ఖర్చు తన మీదనే పడినా, పరిశోధనను మళ్లీ మొదటికి తీసుకెళ్లారు.

మరో ఐదేళ్లు గడిచాయి. ధన పలకలోని నికెల్ సమ్మేళనం విద్యుత్తును సరిగా ప్రసరింపజేయకపోవడమే అసలు సమస్య అని తేలింది. పలుచని నికెల్ రేకుల ముక్కలను, నికెల్ హైడ్రాక్సైడ్‌ను పొరలు పొరలుగా సన్నని లోహపు గొట్టాల్లో బిగించి కూర్చడంతో అది తొలగింది. ద్రావణంలో కొద్దిపాటి లిథియం హైడ్రాక్సైడ్ కలపడం వల్ల సామర్థ్యం మరింత పెరిగింది. ఘటాలను ప్రయోగశాల పై అంతస్తు నుంచి కిందికి పడవేసి మరీ గట్టిదనాన్ని పరీక్షించినట్లు చెబుతారు. 1909 తరువాత కొత్త బ్యాటరీ అందుబాటులోకి వచ్చింది. ఒక్కొక్క ఘటం ఇచ్చేది సుమారు 1.2 వోల్టులే అయినా, పూర్తిగా ఖాళీ అయినా చెడిపోకుండా అది ఏళ్ల తరబడి పనిచేసింది.

దురదృష్టవశాత్తు అప్పటికి కాలం ముందుకు సాగిపోయింది. 1908లో హెన్రీ ఫోర్డ్ చౌక ధర పెట్రోలు కారును తీసుకువచ్చారు. 1912లో చేతితో తిప్పే పని లేకుండా కారును ప్రారంభించే విద్యుత్ స్టార్టరు వచ్చింది. ఒక్క క్షణంలో అధిక ప్రవాహాన్ని ఇవ్వగల సీసపు బ్యాటరీయే దానికి తగినదైంది. ఏ వాహనం కోసం ఎడిసన్ పదేళ్లు శ్రమించారో ఆ వాహనమే రోడ్ల మీద నుంచి క్రమంగా కనుమరుగైంది.

ఇంటి నేలమాళిగలో విద్యుత్తు

వాహనానికి అక్కరకు రాని బ్యాటరీ ఇతర రంగాల్లో స్థానం సంపాదించుకుంది. రైల్వే సంకేత వ్యవస్థలు, రైలు పెట్టెల్లోని దీపాలు, సరుకు బండ్లు దానిని వినియోగించాయి. విద్యుత్ తీగలు చేరని పల్లె ఇళ్లకు వెలుగు అందించే అవకాశాన్ని సైతం ఎడిసన్ గుర్తించారు. 1912లో వెస్ట్ ఆరెంజ్‌లో ఒక నమూనా గృహాన్ని ఆయన ప్రదర్శించారు. నేలమాళిగలో ఘటాల వరుస, దానికి విద్యుదావేశం నింపే చిన్న పెట్రోలు జనరేటరు, ఇంటి నిండా దీపాలు, ఇతర పరికరాలు అందులో ఉన్నాయి. కేంద్రం నుంచి తీగ లేకుండానే ఇల్లు వెలగగలదన్నది ఆ ప్రదర్శన సారాంశం. విద్యుత్ కేంద్రాన్ని, వీధి తీగను ప్రపంచానికి పరిచయం చేసిన వ్యక్తి నుంచి వచ్చిన ప్రతిపాదన కావడమే అందులోని విశేషం.

తక్కువ వోల్టేజీ బ్యాటరీతో దీపం వెలగాలంటే తంతువు కూడా మారవలసి వచ్చింది. కర్బన తంతువు పెళుసైనది. 1910 ప్రాంతంలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్ లోహాన్ని సన్నని తీగగా సాగదీసే పద్ధతిని సాధించారు. పొట్టిగా, దృఢంగా, తక్కువ నిరోధంతో తంతువును తయారు చేసే వీలు కలిగింది. అదే విద్యుత్తుతో కర్బన తంతువు కంటే ఎక్కువ వెలుగు కూడా వచ్చింది. మన్నికైన బ్యాటరీ, గట్టి తంతువు ఒకే కాలంలో అందుబాటులోకి రావడంతో నడిచే దీపానికి మార్గం సుగమమైంది.

గని కార్మికుడి తలపై వెలుగు

ఆ దీపం అత్యవసరమైన చోటు బొగ్గు గని. బొగ్గు పొరల నుంచి వెలువడే మీథేన్ వాయువు గాలిలో తగు పాళ్లలో కలిసినప్పుడు చిన్న మంట తగిలినా పేలుతుంది. 1815లో ఇంగ్లండుకు చెందిన హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని లోహపు వల అమర్చి రక్షణ దీపాన్ని రూపొందించారు. అది ప్రాణాలను కాపాడినా, దాని వెలుగు మసకగా ఉండేది. వెలుగు చాలక అమెరికాలో ఎందరో కార్మికులు టోపీకి తగిలించుకునే నూనె దీపాలను, కార్బైడు దీపాలను వాడేవారు. అంటే పేలుడు వాయువు ఉన్న చోట తల మీద బహిరంగ మంటను పెట్టుకుని పనిచేసేవారు.

1907 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని మొనొంగా గనిలో సంభవించిన పేలుడు 360 మందికి పైగా కార్మికులను బలిగొంది. అటువంటి విపత్తుల నేపథ్యంలో 1910లో అమెరికా ప్రభుత్వం గనుల విభాగాన్ని ఏర్పాటు చేసింది. 1912 మార్చిలో అదే రాష్ట్రంలోని జెడ్ గనిలో జరిగిన మరో పేలుడులో సుమారు 80 మంది మరణించారు. ఆ విభాగంలో పనిచేసిన ఇంజనీర్లు జాన్ రయాన్, జార్జ్ డైకీ ఆ విషాదంతో చలించి, మంట లేని దీపం కోసం ఎడిసన్‌ను ఆశ్రయించారు. 1914లో వారు పిట్స్‌బర్గ్ నగరంలో గనుల భద్రతా పరికరాల సంస్థను స్థాపించారు.

ఎడిసన్ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న దీపం నిర్మాణం సరళమైనది. క్షార బ్యాటరీ ఉక్కు పెట్టెలో కార్మికుడి నడుముపట్టీకి వేలాడుతుంది. అక్కడి నుంచి వీపు మీదుగా ఒక తీగ టోపీ మీది దీపానికి చేరుతుంది. బ్యాటరీ పెట్టెకు తాళం ఉంటుంది కనుక గని లోపల దానిని తెరవడం కుదరదు. దీపపు గాజు పగిలితే స్ప్రింగు బల్బును నెట్టివేసి విద్యుత్ ప్రవాహాన్ని తెంచుతుంది. వేడెక్కిన తంతువు వాయువును అంటించకుండా చేసిన ఏర్పాటు అది. ఒకసారి విద్యుదావేశం నింపితే సుమారు 12 గంటలు, అంటే ఒక షిఫ్టుకు మించి వెలుగునిస్తుంది. గనుల విభాగం ఆమోదంతో ఆ దీపాలు అమెరికా గనుల్లో వేగంగా వ్యాపించాయి. ఇంగ్లండు, జర్మనీలలో ఇతరులు రూపొందించిన విద్యుత్ దీపాలు కూడా దాదాపు అదే కాలంలో గనుల్లోకి ప్రవేశించాయి.

ఈ చరిత్ర తెలుగువారికి దూరమైనది కాదు. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి సింగరేణి గనులు తరతరాల తెలుగు కుటుంబాలకు జీవనాధారం. భూగర్భ గనిలోకి దిగే కార్మికుడు షిఫ్టుకు ముందు ల్యాంప్ రూములో దీపాన్ని అందుకుని, తిరిగి వచ్చాక ఛార్జింగ్ కోసం అక్కడే అప్పగించడం దినచర్యలో భాగం. ఎవరి దీపం తిరిగి రాలేదో చూస్తే, ఎవరు ఇంకా గనిలోనే ఉన్నారో తెలుస్తుంది. టోపీ మీది ఆ వెలుగు వెనుక వెస్ట్ ఆరెంజ్ ప్రయోగశాల కృషి కూడా ఉంది.

అగ్నిప్రమాదం, జలాంతర్గామి దుర్ఘటన

1914 డిసెంబరు 9న వెస్ట్ ఆరెంజ్ కర్మాగారంలో ఘోర అగ్నిప్రమాదం జరిగింది. పలు భవనాలు దగ్ధమయ్యాయి. 67 ఏళ్ల ఎడిసన్ కుంగిపోకుండా, వెనువెంటనే పునర్నిర్మాణానికి పూనుకున్నారు. కొద్ది వారాల్లోనే ఉత్పత్తి పాక్షికంగా తిరిగి మొదలైంది.

అయితే బ్యాటరీ ప్రస్థానంలో మరో చేదు ఘట్టం మిగిలి ఉంది. జలాంతర్గాముల్లో సీసపు బ్యాటరీలు సముద్రపు నీటితో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడే ముప్పు ఉండేది. దానికి విరుగుడుగా ఎడిసన్ బ్యాటరీని అమెరికా నౌకాదళం ఈ-2 జలాంతర్గామిలో అమర్చింది. 1916 జనవరి 15న బ్రూక్లిన్ నౌకా కేంద్రంలో ఉండగా బ్యాటరీల నుంచి వెలువడిన హైడ్రోజన్ వాయువు పేలి ప్రాణనష్టం సంభవించింది. క్లోరిన్ ముప్పు తప్పించిన ఘటమే హైడ్రోజన్ ముప్పును వెంట తెచ్చింది. శక్తిని చిన్న పెట్టెలో బంధించే ప్రతి ప్రయత్నంలోనూ భద్రత ఒక విడదీయరాని ప్రశ్న అని ఆ దుర్ఘటన చాటింది.

నేటి దీపానికి ఆ పాఠాలు

నేడు ఇంటి బల్ల దీపానికి తీగ తొలగించి బ్యాటరీ అమర్చడం చిన్న పనిముట్లతో సాధ్యమైన విషయం. గుజరాత్‌లోని సూరత్ నగరానికి 1920లో ఏర్పాటైన విద్యుత్ సంస్థ తీగల ద్వారా వెలుగును అందించింది. అదే నగరంలోని ఖటోదరా పారిశ్రామికవాడలో గానీ, నేత పనికై అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలో గానీ, కరెంటు పోయిన వేళ వెలిగే దీపం అవసరం ఒక్కటే. అయితే ఎడిసన్ ఎదుర్కొన్న చిక్కులే ఇప్పటికీ మారని సూత్రాలుగా నిలిచి ఉన్నాయి.

మొదటిది వోల్టేజీ. 230 వోల్టులకు తయారైన బల్బును బ్యాటరీకి నేరుగా కలిపితే వెలగదు. 110 వోల్టుల తంతువు 2 వోల్టుల ఘటంతో వెలగనట్లే ఇది కూడా. బ్యాటరీకి తగిన తక్కువ వోల్టేజీ ఎల్‌ఈడీని, ప్రవాహాన్ని అదుపు చేసే చిన్న సర్క్యూటును అమర్చవలసి ఉంటుంది.

రెండవది శక్తి పరిమాణం. 3.7 వోల్టులు, 2.5 ఆంపియర్-గంటల లిథియం ఘటంలో నిల్వ ఉండే శక్తి సుమారు 9.25 వాట్-గంటలు. 40 వాట్ల తంతువు దీపం దానిని 14 నిమిషాల లోపే హరించివేస్తుంది. 3 వాట్ల ఎల్‌ఈడీకి అదే శక్తి దాదాపు మూడు గంటలు సరిపోతుంది. తంతువు దీపం తాను తీసుకునే విద్యుత్తులో సుమారు 5 శాతాన్ని మాత్రమే వెలుగుగా మార్చి, మిగిలినదంతా వేడిగా వదిలేయడం దీనికి కారణం. తెల్లని ఎల్‌ఈడీకి బాట వేసిన నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది.

మూడవది భద్రత. లిథియం ఘటం మితిమీరి నిండినా, పూర్తిగా ఖాళీ అయినా, ధన రుణ కొనలు ఒకదానికొకటి తగిలినా మంటలు రేగే ప్రమాదం ఉంది. రక్షణ సర్క్యూటు లేని ఘటాన్ని దీపంలో అమర్చరాదు. పాతవి, కొత్తవి కలిపి వాడరాదు. ఘటంపై నేరుగా టంకం వేడి తగలనీయరాదు. పాత ప్లగ్గును, 230 వోల్టుల తీగను పూర్తిగా తొలగించడం కూడా అంతే ముఖ్యం. బ్యాటరీ దీపమని భ్రమించి ఎవరైనా దానిని గోడ సాకెట్టులో గుచ్చే అవకాశం మిగలకూడదు. గని దీపం పెట్టెకు ఎడిసన్ తాళం వేయించడంలోని ఆలోచన కూడా ఇటువంటిదే.

చివరి రోజులు

తన అంతిమ దశాబ్దంలో ఎడిసన్ అమెరికాలో పెరిగే మొక్కల నుంచి రబ్బరు తీసే పరిశోధనలో గడిపారు. 1929 అక్టోబరు 21న దీపం ఆవిష్కరణ స్వర్ణోత్సవాన్ని మిత్రుడు హెన్రీ ఫోర్డ్ డియర్‌బోర్న్‌లో ఘనంగా నిర్వహించారు. 1931 అక్టోబరు 18న, 84 ఏళ్ల వయసులో ఎడిసన్ వెస్ట్ ఆరెంజ్‌లోని స్వగృహంలో కన్నుమూశారు. ఆయన పేరిట నమోదైన అమెరికా పేటెంట్లు 1,093. వాటిలో నిల్వ బ్యాటరీకి సంబంధించినవి వందకు పైగా ఉన్నాయి.

అంత్యక్రియల రోజైన అక్టోబరు 21న దేశమంతటా విద్యుత్ సరఫరాను ఒక్క నిమిషం నిలిపివేసి నివాళి అర్పించాలన్న ఆలోచన వచ్చింది. ఆస్పత్రులు, రైళ్లు, కర్మాగారాలు ఆ ఒక్క నిమిషానికి కూడా తట్టుకోలేవని గ్రహించి దానిని విరమించుకున్నారు. అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ పిలుపు మేరకు ఆ రాత్రి ప్రజలే స్వచ్ఛందంగా దీపాలు ఆర్పారు. దేశం తీగ మీద ఎంతగా ఆధారపడిందో ఆ నిర్ణయం వెల్లడించింది.

నికెల్-ఇనుము బ్యాటరీ ఎడిసన్ జీవిత చరమాంకంలో ఆయనకు మిక్కిలి లాభదాయకమైన ఉత్పత్తుల్లో ఒకటిగా నిలిచింది. 1972లో ఆ వ్యాపారం మరో సంస్థ చేతికి వెళ్లింది. 1975లో అమెరికాలో దాని తయారీ నిలిచిపోయింది. అయినప్పటికీ అనేక పాత ఘటాలు దశాబ్దాల తరువాత కూడా పనిచేస్తూ వచ్చాయి. దీర్ఘకాల మన్నిక కారణంగా, సౌర విద్యుత్తును నిల్వ చేసేందుకు ఆ పద్ధతిపై శాస్త్రవేత్తల ఆసక్తి మళ్లీ పెరిగింది. తాను అనుకున్న వాహనాన్ని నడపలేకపోయినా, ఆ బ్యాటరీ గనిలోకి దిగిన కార్మికుడు క్షేమంగా ఇంటికి చేరేందుకు దారి చూపింది. ఎడిసన్ జీవితంలో గాజు బుడ్డి దీపానికి ఎంత స్థానం ఉందో, దానిని తీగ నుంచి విడిపించిన ఈ ఉక్కు పెట్టెకూ అంతే స్థానం ఉంది.